కాలి అంటే రేపు

మోకాళ్లు బాగున్న రోజుల్లో నన్నెవరూ ఘాట్ రోడ్డుకి రమ్మనలేదు. ఇప్పుడు, మెట్టెక్కాలంటే గోడ పట్టుకునే వయసులో, మా వాకింగ్ గ్రూపు వాళ్లు "కొండ గాలి మీకే మంచిది టీచరుగారూ" అని వ్యాన్లో కిటికీ పక్క సీటిచ్చి మరీ తీసుకెళ్లారు. పొద్దున్నే విజయనగరంలో బయల్దేరి, సాలూరు ఘాటీ ఎక్కి, పొట్టంగి దాకా వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయాలి. గ్రూపు సెక్రటరీగారు బ్యాంకులో రిటైరైన మనిషి. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో ముందు రోజే అందరి ఫోన్లకీ పంపారు. టిఫిను ఇరవై నిమిషాలు, వ్యూ పాయింటు పదిహేను, ఫొటోలు పది. మెళ్లో ఈల కూడా వేసుకొచ్చారు. ఉద్యోగమంతా బడిగంట ప్రకారం బతికినదాన్ని. రిటైరయ్యాక కూడా ఈల ప్రకారం టీ తాగాల్సి వచ్చేసరికి ప్రాణం ఉసూరుమంది.

గజపతినగరం దాటేదాకా వెనక సీట్లో భోగాపురం ఎయిర్‌పోర్టు దగ్గర గజం ఎంతుందో మాట్లాడుకున్నారు. ఆ తర్వాత అంత్యాక్షరి. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. ఈమధ్య నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

ఒడిశా సరిహద్దు దాటగానే సుంకి దగ్గర టీకి ఆగాం. రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఒకామె బజ్జీలు వేస్తోంది. సెక్రటరీగారు ఆమెని, "ఏమ్మా, ఇవాళ ఇక్కడ సంత ఉందా?" అని అడిగారు. ఆమె మూకుడు మీంచి తల ఎత్తకుండానే "కాలి" అంది. ఆయన మా వైపు తిరిగి, "సంత ఖాళీ అటండీ. జనం రాలేదట. పదండి, పదండి" అన్నారు.

నాకు నవ్వొచ్చి టీ చీర మీద ఒలికింది. సంత నిన్న అయిపోయిందనో, రేపు ఉందనో ఆమె చెప్పింది. ఒడియాలో నిన్నకీ రేపటికీ కూడా ఒకటే మాట, కాలి. ఆ సంగతి ఆయనకి చెప్పబోయాను. చెప్పలేక అక్కడున్న బల్ల మీద కూర్చుండిపోయాను. అదే మాట, అదే మలుపు దగ్గర, నేను విని యాభై ఏళ్లు కావస్తోంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. మాది గజపతినగరం నుంచి కొంచెం లోపలికి వెళ్తే వచ్చే ఊరు. వరి, చోడి, గోగు పండించేవాళ్లం. గోగు కోసి, కట్టలు కట్టి నీళ్లలో నానేసిన రోజుల్లో ఊరంతా కుళ్లు వాసన వేసేది. బయటివాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం అది కొత్త గౌను వాసన, ఎందుకంటే నార అమ్మాకనే ఇంట్లో బట్టలు కొనేవారు.

మా నాన్న చెల్లెలు, అంటే మా అత్త, మా ఇంట్లోనే ఉండేది. పాతికేళ్లుంటాయి. మొగుడు కల్వర్టులు కట్టే మేస్త్రీ. మేస్త్రీ మావయ్య అనేదాన్ని నేను. చెడ్డవాడు కాడు. తాగడు, కొట్టడు. రాయి చెక్కుతూ పదాలు పాడేవాడు, నన్ను చూస్తే జేబులోంచి జీళ్లు తీసి పెట్టేవాడు. కాకపోతే కాలు ఒకచోట నిలవదు. కంట్రాక్టరు మనుషులతో కలిసి ఏ రోడ్డు పనికో వెళ్తే నెలల తరబడి రాడు, కబురు పంపడు. రెండుసార్లు అత్తే నాన్నని వెంటబెట్టుకుని వెళ్లి, ఊళ్లు తిరిగి తెచ్చుకుంది. ఒకసారి పార్వతీపురం అవతల నుంచి, ఇంకోసారి కొత్తవలస రైల్వే పనుల నుంచి. తెచ్చిన ప్రతిసారీ నాలుగు నెలలు బుద్ధిగా ఉండి, అయిదో నెలలో మళ్లీ మాయమయ్యేవాడు.

మూడోసారి వెళ్లి ఏడాది దాటింది. ఊళ్లో ఆడవాళ్లు అత్త ఎదురైతే గొంతు తగ్గించడం మొదలుపెట్టారు. ఆ కార్తీకంలో ఒక బస్సు కండక్టరు నాన్నని ఆపి చెప్పాడు, మీ చెల్లి మొగుడు పొట్టంగి అవతల పనిలో కనిపించాడని, ఆ పని అయిపోవస్తోందని, తర్వాత అందరూ రాయపూర్ వైపు వెళ్లిపోతారని. అంత దూరం పోయాడంటే ఇక దొరకడు. నాన్న మర్నాటికే జీపు మాట్లాడాడు.

ముందు సీట్లో డ్రైవరు పక్కన నాన్న. వెనక అమ్మ, అత్త, నేను, మావ. మావంటే మా అమ్మ అన్నయ్య. సాలూరు సంతలో చింతపండు, కొండచీపుర్లు కొనే వర్తకుడు. కొండ మీద నుంచి వచ్చేవాళ్లతో రోజూ బేరాలు గనుక తనకి ఒడియా వచ్చని ఆయన నమ్మకం. మా ఇంటిల్లిపాదీ కూడా నమ్మేశాం. నన్నెందుకు తీసుకెళ్లారంటే, "గుంటని సూస్తే ఆ మారాజు మనసు కరుగుతాది" అంది అమ్మ. నేను ఎరగా వెళ్తున్నానని నాకు తెలీదు. జీపెక్కుతున్నానని తెలుసు, అంతే చాలు.

అమ్మ తెల్లవారకుండానే లేచి ఆవ పెట్టి పులిహోర కలిపింది. అడ్డాకుల్లో మూటలు కట్టి, చినిగిపోకుండా చూడమని నా ఒళ్లో పెట్టింది. ఆవ ఘాటు, ఆకు పచ్చివాసన, జీపు పెట్రోలు కంపు, ఊరు దాటేదాకా వెంట వచ్చిన గోగు వాసన, అన్నీ కలిసి ముక్కుకి ఎక్కాయి. ఇప్పటికీ ఎక్కడైనా ఆవ నూరుతుంటే నాకు జీపు కదిలినట్టే ఉంటుంది. అత్త తన పెళ్లినాటి పట్టుచీర సంచిలో పెట్టుకుని, ఆ సంచి రొమ్ముకి అదుముకుని కూర్చుంది.

ఘాటీ మొదట్లో డ్రైవరు జీపు ఆపి, రోడ్డు పక్క అమ్మవారి రాయికి దండం పెట్టి, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టాడు. ఇంకొకటి అత్త చేతికిచ్చి, "కడుపులో తిప్పితే వాసన సూడమ్మా" అన్నాడు. నాలుగు మలుపులు తిరిగేసరికి అత్త రెండుసార్లు వాంతి చేసుకుంది. నాకేమీ కాలేదు. లోయ వైపు కూర్చుని, కింద మేము వచ్చిన రోడ్డు సన్నగా కనిపిస్తుంటే నోరు తెరుచుకుని చూస్తున్నాను. కొండ వాలులో వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు ఉన్నాయి.

మావ నాకు ఒడియా పాఠం మొదలుపెట్టాడు.

"పాణి అంటే నీలు. బసొ అంటే కూకో. కాలి అంటే రేపు. కొండోలు సంతలో 'కాలి ఆసిబి', రేపొస్తాను, అనేసి ఎల్తారు. మర్నాడు ఒచ్చేత్తారు. మాట తప్పరే ఆలు."

"కాలి అంటే రేపు" అని నేను వల్లె వేశాను. నా తర్వాతి జీవితంలో ఎంతమంది పిల్లల చేత ఏమేమి వల్లె వేయించానో గానీ, నేను అంత శ్రద్ధగా నేర్చుకున్న పాఠం ఇంకొకటి లేదు.

సుంకిలో అప్పుడు రేకుల షెడ్డు లేదు, గడ్డి పాక. ముక్కుకి రెండు పక్కలా బేసరులు పెట్టుకున్న మనిషి ఒకామె గ్లాసులు కడుగుతోంది. కల్వర్టు పనికి వెళ్లే లారీలు ఈ పాక దగ్గరే టీకి ఆగుతాయని, పనివాళ్ల కబుర్లు ఈమెకి తెలుస్తాయని కండక్టరు చెప్పి ఉన్నాడు.

"అడుగు బావా" అంది అత్త.

మావ పైపంచె సర్దుకుని, పెద్దమనిషి తరహాగా వెళ్లి, తనకొచ్చిన ఒడియాలో సగం తెలుగు కలిపి అడిగాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఆమె గ్లాసు కడుగుతూనే "కాలి గలే" అంది. అంటూ తడిచేతిని భుజం మీదుగా వెనక్కి విసిరింది. నీళ్ల చుక్కలు నా మొహం మీద పడ్డాయి.

మావ జీపు దగ్గరికొచ్చి అందరికీ వినపడేలా చెప్పాడు.

"రేపు ఎల్తారంట. ఇయాలంతా ఈ పక్కనే ఉంటారు. మనకి పరుగేటీ లేదు."

"గలే అంటే ఏటి?" అన్నాడు నాన్న. నాన్నకి అన్నిట్లోనూ అనుమానం.

"ఎల్డం. కాలి గలే. రేపు ఎల్డం" అన్నాడు మావ.

అందరి భుజాలూ ఒక్కసారి దిగాయి. నాన్న చుట్ట వెలిగించాడు. అమ్మ, "గుంటకి ఆకలేస్తాది, ఎక్కడైనా కూకుని తిందాం" అంది. అత్త నాన్న దగ్గరికి వెళ్లి, "అన్నా, ముందర గెడ్డ ఉందంట. ఈ మొగంతో ఆయన ముందుకి ఎలగెల్తాను. మొగం కడుక్కుని సీర మార్సుకుంటాను" అంది.

నేను ఆ టీ పాకావిడ చెయ్యి చూశాను. మా నాయనమ్మ వెనకటి సంగతులు చెప్పేటప్పుడల్లా చెయ్యి అచ్చం అలాగే భుజం మీదుగా వెనక్కి విసిరేది. రాబోయే సంగతైతే చెయ్యి ముందుకి పోయేది. ఈమె చెయ్యి వెనక్కి పోయింది. రేపు కాదు, నిన్న అంటోందని నాకు తెలిసిపోయింది. చిన్నపిల్లని, తెలీలేదు అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, అది అబద్ధం. నాకు బాగా తెలిసింది. చెప్దామని నోరు కూడా తెరిచాను. జీపులో మూటలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. ముందర గెడ్డ, అంటే కొండవాగు, ఉందన్నారు. నోరు మూసుకున్నాను.

నా చిన్నతనం మొత్తంలో మంచిరోజు ఏదంటే ఆ గెడ్డ దగ్గర గడిపిన పూటే చెప్తాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం. నీళ్లు మోకాలి లోతు, అడుగున రాళ్లు కనబడుతున్నాయి. ఎన్నడూ పని లేకుండా కూర్చోని నాన్న పంచె పైకి మడిచి నీళ్లలో కాళ్లు పెట్టుకున్నాడు. అమ్మ ఒక రాతి మీద ఒరిగి నిద్రపోయింది. పగటిపూట అమ్మ నిద్రపోవడం అదే మొదటిసారి చూశాను, భయమేసి దగ్గరికెళ్లి ఊపిరి చూసి వచ్చాను. డ్రైవరు గుడ్డతో చిన్న చేపలు పట్టడానికి ప్రయత్నించి, ఒక్కటీ పట్టలేక తిట్టుకున్నాడు. పులిహోర చల్లారి, ఆవ ఊరి, ఆకు వాసన పట్టి ఇంకా బాగుంది.

అత్త మొహం కడుక్కుంది. పట్టుచీర కట్టుకుంది. జడ విప్పి, తీరిగ్గా, ఒక్కొక్క పాయా దువ్వుకుంటూ ఎంతసేపు కూర్చుందో చెప్పలేను. జడ అల్లి, మళ్లీ విప్పి, మళ్లీ అల్లింది. నేను వలిసె పూలు కోసుకొస్తే, "ఏటే కోడలా, ఈటికి వాసనుండదు కదే" అని నవ్వి, అయినా పెట్టుకుంది. అత్త నవ్వడం చూసి ఏడాదైంది.

ఇంతలో నాన్న లేచి, "ఇంక ఎల్దామేటి" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. రాతి పక్కన మావ కొత్త చెప్పులున్నాయి. ఎవరూ చూడడం లేదనుకుని, ఒక చెప్పు తీసి నీళ్లలో వదిలి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. అది గిర్రున తిరిగి కొట్టుకుపోయింది. మావా డ్రైవరూ కర్రలు పట్టుకుని గెడ్డ వెంట దిగువకి పోయారు. గంటకి పైగా వెతికినా దొరకలేదు. మావ ఒక చెప్పుతోనే జీపెక్కాడు.

పొట్టంగి దాటి పని జరిగిన చోటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. కొత్త కల్వర్టు ఉంది. మనుషులు లేరు. పాకలు పీకేసిన గుంతలు, మూడేసి రాళ్ల పొయ్యిలు. నాన్న ఒక పొయ్యిలో చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. సిమెంటు బస్తాలకి కాపలా ఉన్న ముసలాయన తెలుగువాడు, బొబ్బిలి వైపు మనిషి.

"నిన్నే ఎలిపోనారు బాబూ" అన్నాడు. "రేతిరి సెమిలిగుడలో పడుకున్నారు. ఇయాల మద్దేనం దాటినాక అక్కడ లారీ ఎక్కుతామన్నారు. బేగి ఎల్లండి, ఉంటే ఉంటారు."

ఎవరూ మావ వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువైంది. డ్రైవరు ఆ రోడ్డు మీద అంత జోరుగా ఎలా తోలాడో ఏమో, నా తల పైకడ్డీకి కొట్టుకుని బొప్పి కట్టింది. సెమిలిగుడ లారీల స్టాండులో నేల మీద నూనె మరకలు, బీడీ ముక్కలు ఉన్నాయి. ఆ లారీ వెళ్లి గంట అయిందన్నారు. రాయపూర్ అన్నాడొకడు. కాదు, ఇంకా అవతలికి అన్నాడు మరొకడు.

అత్త ఏడవలేదు. లారీ నిలబడ్డ చోట పట్టుచీరతో కాసేపు నిలబడి, జడలో పూలు తీసి పక్కన పడేసి, "పదన్నా, ఇంటికెల్దాం" అంది. తిరుగు దారిలో నా పక్కకి వచ్చి కూర్చుని, మిగిలిన పులిహోర మూట విప్పి మావ ముందు పెట్టింది. "తిను బావా. మద్దేనం నించి ఏటీ తిన్లేదు నువ్వు." మావ ఆ మూట పట్టుకుని ఘాటీ దిగేదాకా అలాగే కూర్చున్నాడు.

మేస్త్రీ మావయ్య మళ్లీ రాలేదు. నాన్న మనుషుల్ని పంపాడు, ఉత్తరాలు రాయించాడు, ఏదీ తేలలేదు. ఊళ్లో వాళ్లంతా "ఒక్క మాట తప్పిపోయి ఆడకూతురి బతుకు పాడైపోనాది" అన్నారు. ఆ తప్పు మావది. మావ ఆ తర్వాత ఎప్పుడూ ఒక్క ఒడియా ముక్క మాట్లాడలేదు. సాలూరు సంతకి పోవడం తగ్గించి, చివరికి మానేశాడు. ఏటేటా మాఘంలో కొత్త చింతపండు బుట్ట తెచ్చి మా వీధి గుమ్మం దగ్గర దింపేవాడు. లోపలికి రమ్మంటే వచ్చేవాడు కాదు. అత్త మొహం వైపు చూసేవాడు కాదు. అత్తే ఆకులో పులిహోర పెట్టి తెచ్చిచ్చేది. గుమ్మంలో నిలబడే తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయేవాడు. అన్నేళ్లూ అంతే. నేను పెళ్లయి వెళ్లేదాకా ప్రతిసారీ చూశాను. ప్రతిసారీ చెప్దామనుకున్నాను, ఆ చెయ్యి సంగతీ, ఆ చెప్పు సంగతీ. మావ పోయి ఎనిమిదేళ్లయింది.

సెక్రటరీగారు ఈల వేశారు. నేను వ్యానెక్కాను. పొట్టంగి చూశాం, ఫొటోలు దిగాం, ఇంటికొచ్చాం. ఒళ్లంతా పులిసిపోయింది. అయినా మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మా ఊరు వెళ్లాను.

అత్త మా తమ్ముడింట్లో ఉంటుంది. నడుం వంగింది, చెవులు బాగానే ఉన్నాయి. నేను వెళ్లేసరికి వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. మావ కొడుకు ఇప్పటికీ పంపుతాడు. నేను పక్కన చతికిలబడి, నాలుగు కాయలు ఒలిచి, ఊరుకోలేక అన్నాను. మా ఊరెళ్తే నా నోరు మా ఊరి మాటకే తిరుగుతుంది.

"అత్తా, నిన్న సుంకి ఎల్లినాను. నీకొక సంగతి సెప్పాలి. ఆ రోజు ఆ టీ పాకావిడ సెయ్యి ఎనక్కి ఇసిరింది. నిన్న అన్నాదని నాకు తెలిసింది. తెలిసి సెప్పలేదు."

అత్త గింజలు తీయడం ఆపలేదు.

"నానూ సూసినానే" అంది.

నాకు అర్థం కాలేదు. అత్తే మళ్లీ అంది.

"నువ్వు సెప్పు గెడ్డలో ఒదిలీడం కూడా సూసినాను. సేతులు ఎనక్కి ఎట్టుకుని నిలబడ్డావు."

"మరి ఎల్దామని అన్లేదేటి?"

"అలిసిపోనానే కోడలా. రెండుసార్లు ఎల్లి ఈడ్సుకొచ్చినాను. అదెలగుంటాదో నీకు తెల్దు. ఎవులి ఊరో ఎల్లి, నా మొగుణ్ని సూసినారా అని పాక పాకకీ అడగడం. దొరికినాక ఆయన మొగం సూడాల. పట్టుబడిపోనాను అన్నట్టు సూస్తాడు. మూడోసారి అది సూడలేననిపించింది. గెడ్డ కనిపించింది. ఆ పూటకి కూకుండిపోదామనిపించింది. సెయ్యి సూసినాననీ సెప్పలేదు, పోనివ్వండనీ సెప్పలేదు. తల దువ్వుకున్నాను."

తమ్ముడి కోడలు లోపల్నుంచి టీ తెచ్చిచ్చి వెళ్లింది. ఆ అమ్మాయి వెళ్లేదాకా అత్త ఆగింది.

"నానే ఒద్దనుకున్నానని తెలిస్తే మీ నాన్న ఊరుకుంటాడేటి? ఊరు ఊరుకుంటాదేటి? మళ్లీ జీపు కడతారు. బావ తప్పు అనేసరికి అందరూ నా మీద జాలిపడినారు. ఇంట్లో ఉండనిచ్చినారు. ఆ తప్పు కిందే నాను ఇన్నాళ్లూ బతికినాను."

నాకు గుమ్మంలో నిలబడి పులిహోర తింటున్న మావ కనిపించాడు. కోపమొచ్చింది. అత్త మీదో నా మీదో తెలీలేదు. ఇద్దరం కలిసి ఒక మనిషిని అన్నేళ్లు గుమ్మం బయటే నిలబెట్టాం.

"మావకైనా సెప్పాల్సింది కదత్తా."

అత్త చింతపండు చేతుల్ని ఒళ్లో పెట్టుకుంది. వేళ్లకి అంటుకున్న పీచు ఒక్కొక్కటే తీసుకుంది.

"ఆకు సేతికిచ్చిన పెతిసారీ అనుకున్నాను" అంది. "కాలి సెప్దాం, కాలి సెప్దాం అనుకున్నాను. రేపనుకున్నానే. సూస్తే నిన్నైపోనాది."